పేరు హైదరాబాదుది.. పోరు ఎవరిది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియన్లు నడిపిన ఓడ మీద, బ్రిటిష్ స్క్వాడ్రన్ల మీద, కుమావూ సిపాయిల భుజాల మీద మన సంస్థానం పేరే. కానీ సంస్థానపు సొంత పటాలం ఒకటి, మలయా తీరంలో యుద్ధం తొలి రాత్రే జపాను సైన్యానికి ఎదురుపడింది. పేరు మోసిన వాళ్లందరికీ చరిత్రలో పేజీలు దక్కాయి. ఆ పటాలానికి దక్కింది నింద.

యుద్ధం వచ్చిందని తెలంగాణ పల్లెకు తెలిపింది తుపాకీ మోత కాదు. నేతగానికి తెలిపింది నూలు కరువు, రైతుకు తెలిపింది లెవీ గల్లా. కల్లం మీదికి పటేలూ పట్వారీ వచ్చి, పండినా పండకున్నా సర్కారుకు ఇంత కొలవాల్సిందేనన్నారు. గుడ్డకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, చక్కెరకు కంట్రోలు. ఎక్కడో యూరపులో, బర్మాలో కొట్లాట అయితే మన గుమ్మి ఎందుకు ఖాళీ అవుతోందో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

కోస్గినే తీసుకోండి. ఇప్పుడది నారాయణపేట జిల్లా. దానికి ముందు పాలమూరు. 1956కు ముందు గుల్బర్గా జిల్లా కొడంగల్ తాలూకాలో చేనేతకు పేరుపడ్డ ఊరు. నిజాం రాజ్యంలో కోస్గి సాలార్‌జంగ్ వారి జాగీరు. కొప్పళ, యెల్బుర్గా, అజంతా దాకా చెల్లాచెదురుగా పరుచుకున్న ఆ ఎస్టేటులో ఇదొక ముక్క. ఈ ఊరి శిస్తు హైదరాబాదులో వారి దివాన్ దేవిడీకి చేరేది. ఖాల్సా ఊళ్ల శిస్తు సర్కారు ఖజానాకు, సర్ఫెఖాస్ ఊళ్ల శిస్తు నేరుగా నిజాం సొంత ఖాతాకు వెళ్లేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా ముందు నిలబడి ముక్కున వేలేసుకునే మనకు, ఆ పాలరాతిలో కోస్గి రైతు చెమట కూడా ఉందన్న సంగతి తోచదు.

ఖాతా ఏదైనా ఆ సొమ్ముకు మూలం ఈ మెట్ట నేలలే. ఆముదం, జొన్న, వేరుశనగ పండే చెల్కలూ, చెరువు కింద వరి మళ్లూ. యుద్ధ నిధికి నిజాం లక్షలు గుమ్మరించాడని ఆనాటి పత్రికలు పొగిడినప్పుడు ఆ లక్షలు ఎక్కడివని అడిగినవాళ్లు లేరు.

మిత్రుడనే బిరుదు

మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి గుర్తుగా బ్రిటిష్ సర్కారు 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే బిరుదునిచ్చింది. మిత్రుడట! కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కూర్చుని ఉండగా, పొరుగు దేశంతో ఒక ఉత్తరం కూడా స్వతంత్రంగా రాసుకోలేని రాజు ఆ సామ్రాజ్యానికి మిత్రుడెలా అవుతాడు? అయినా నిజాం ఆ బిరుదును తలపాగాలో కలికితురాయిలా మోశాడు. దాని పరువు నిలపడానికి డబ్బు ఖర్చు చేశాడు.

ఆ ఖర్చు ఎలాంటిదో చూడాలంటే లండన్ శివార్లలో హెండన్ దగ్గరున్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి పోవాలి. అక్కడ డీహెచ్ 9ఏ రకం పాత బాంబరు ఒకటి ఉంది. రెండు అంతస్తుల రెక్కలు, గుడ్డ తొడిగిన చెక్క ఒళ్లు. దాని పక్కన హైదరాబాదు నిజాం బహూకరించినదని రాసి ఉంటుంది. 1918లో 110వ స్క్వాడ్రన్‌కు నిజాం సొమ్ముతో కొన్న విమానాల్లో అదొకటి. ఆ ఏడాది అక్టోబరులోనే జర్మన్లకు చిక్కింది. దశాబ్దాల తర్వాత పోలండులోని క్రాకోవ్ మ్యూజియంలో తేలి, 1977లో మళ్లీ ఇంగ్లండు చేరింది. తనను కొన్న ఊరిని మాత్రం ఆ విమానం ఎన్నడూ చూడలేదు.

ఆ 110వ స్క్వాడ్రన్ పేరుకు ‘హైదరాబాద్’ అతుక్కుపోయింది. రెండో యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీలోని విల్హెల్మ్స్‌హావెన్ రేవులో యుద్ధనౌకల మీద బాంబులు వేయడానికి వెళ్లిన బ్రిటిష్ విమానాలకు ముందు నడిచింది ఈ స్క్వాడ్రన్‌కు చెందిన కెన్నెత్ డోరన్. అంటే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన తొలి బాంబుదాడిలోనే హైదరాబాద్ పేరుంది. ఆ అక్టోబరులో మరో రెండు స్క్వాడ్రన్లు మళ్లీ లేచాయి. ఒకటి 152వది, ఇంకొకటి 253వది. రెండిటికీ హైదరాబాద్ పేరే. 1940 బ్రిటన్ గగనతల యుద్ధంలో 152 వాళ్లు డార్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు, 253 వాళ్లు లండన్ దక్షిణాన కెన్లీ నుంచి హరికేన్లు ఎగరేశారు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది మరేదో కాదు, నిజాం దస్తారు. దాని కింద ధ్యేయవాక్యంగా ఆ పాత బిరుదే. స్క్వాడ్రన్ చిహ్నం మీద మన చార్మినార్ సంస్థానపు తలపాగా కూర్చుంది గానీ, ఆ తలపాగా ఎవరిదని అడిగితే ఎంతమంది చెప్పగలిగేవారో!

ఓడ కథ ఇంకా విచిత్రం. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ వాళ్ల నౌకాకేంద్రంలో 1940 జూలైలో నీళ్లలోకి దిగిన డిస్ట్రాయరుకు ‘నిజాం’ అని పేరు పెట్టారు. నిజాం ఇచ్చిన విరాళానికి అది గుర్తు. ఓడ బ్రిటన్‌ది, నడిపింది ఆస్ట్రేలియా నావికులు, పేరు మనది. 1941 జనవరిలో కొలువుకెక్కి, క్రీట్ ద్వీపం నుంచి సైనికులను ఖాళీ చేయించింది. ముట్టడిలో ఉన్న తోబ్రుక్‌కు రాత్రిపూట మనుషులనూ సామానునూ చేరవేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొస కేప్ లీవిన్ దగ్గర కొండంత అల వచ్చి ఓడను పక్కకు పడుకోబెట్టినంత పని చేస్తే పదిమంది నావికులు కొట్టుకుపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు టోక్యో అఖాతంలో ఉన్న మిత్రరాజ్యాల ఓడల్లో ఇదొకటి. నిజాం రాజ్యానికి సొంతంగా సముద్రపు ఒడ్డే లేదు. దాని పేరు మాత్రం టోక్యో దాకా నీటి మీదే వెళ్లింది.

పేరొకరిది, పటాలం ఇంకొకరిది

ఇక్కడ చదువరి ఒక చిక్కు విప్పుకోవాలి. మలయా యుద్ధం గురించి ఏ పుస్తకం తెరిచినా ‘హైదరాబాద్’ అని రెండు పటాలాలు కనబడతాయి. రెండూ ఒకటి కాదు.

మొదటిది 19వ హైదరాబాద్ రెజిమెంటు. ఇది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. దీని మూలం 1813 నాటి రస్సెల్ బ్రిగేడు. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద పెరిగిన ‘హైదరాబాద్ కంటింజెంట్’ అది. ఈ దండు జీతాల బాకీల పేరు చెప్పే 1853లో బీరారు జిల్లాలను కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. నిజాం సొమ్ము తిని, నిజాం మీదే నిఘా ఉంచిన దండు! 1903లో దాన్ని పూర్తిగా బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అందులో ఉన్నవాళ్లు కుమావూ కొండల వాళ్లు, అహీర్లు, జాట్లు. హైదరాబాదు ముఖం చూడని హైదరాబాద్ రెజిమెంటు అది.

దాని నాలుగో పటాలం, సైన్యం భాషలో 4/19 హైదరాబాద్, మలయాలో గట్టిగా పోరాడింది. 12వ బ్రిగేడులో స్కాట్లండు ఆర్గిల్ హైలాండర్లు, పంజాబ్ రెజిమెంటు పటాలం దాని తోడు. 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకులు రోడ్డు వెంట దూసుకొచ్చి ఈ బ్రిగేడును చీల్చేశాయి. 1945 అక్టోబరులో రెజిమెంటు పేరు కుమావూ అయింది. 4/19 కాస్తా నాలుగో కుమావూ అయింది. 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో చనిపోయి, దేశపు తొలి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమ్‌నాథ్ శర్మది ఈ పటాలమే. ఆయన సైన్యంలో చేరింది 8/19 హైదరాబాద్‌లో. పేరు మారింది, కీర్తి వెంట వచ్చింది. మంచిదే.

రెండోది 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. ఇది నిజాం సొంత సైన్యం. సంస్థానాలు నడుపుకునే ‘స్టేట్ ఫోర్సెస్’లో భాగం. జీతం హాలీ సిక్కాల్లో, విధేయత కింగ్ కోఠీలోని నిజాంకు. సిపాయిల్లో ఎక్కువమంది ముస్లింలు. కిరాయి పేరు కాదిది, అసలు హైదరాబాద్ ఇదే.

సంస్థానపు దండు విదేశం పోవడం కొత్త కాదు. 1918 సెప్టెంబరులో పాలస్తీనా మీద నడిచిన అశ్విక బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు రౌతులతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలి దగ్గర నిలబడ్డ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ రౌతుది. దాని పక్కనుంచి ఎన్ని వేలమంది తెలుగువాళ్లు ఆంధ్రాభవన్ భోజనానికి పోయి ఉంటారో!

కోట భారు, డిసెంబరు 8

మలయా ద్వీపకల్పానికి ఈశాన్య కొసన కెలంతాన్ నది సముద్రంలో కలిసే చోట కోట భారు ఉంది. సయాం సరిహద్దు దగ్గరే. తీరమంతా ఇసుక, దాని వెనక పాయలు, బురద, కొబ్బరి తోటలు. బ్రిటిష్ వైమానిక దళం ఆ తీరానికి కూతవేటు దూరంలో విమానాశ్రయం కట్టింది. కట్టేముందు, దాన్ని కాపాడాల్సిన సైన్యాన్ని ఒక్క మాట అడగలేదు. తీరా కట్టాక కాపాడుకునే భారం సైన్యం నెత్తిన పడింది. మలయా ఓటమికి ఎన్ని కారణాలు చెప్పినా నా లెక్కలో మొదటిది ఇదే. చాలినన్ని విమానాలు లేని విమానాశ్రయాల కోసం పటాలాలను ముక్కలు చేసి తీరం పొడవునా చల్లేశారు.

ఆ కాపలా పనికి సంస్థానాల దండ్లను వాడుకున్నారు. మలయా, సింగపూర్ విమానాశ్రయాల దగ్గర హైదరాబాద్, మైసూరు, బహవల్‌పూర్, కపూర్తలా, జింద్ సంస్థానాల పటాలాలు నిలబడ్డాయి. ముందు వరుస యుద్ధానికి వాళ్లు చాలరని పై అధికారుల అభిప్రాయం. అందుకే కంచె చుట్టూ తిరిగే కొలువు ఇచ్చారు. కోట భారులో ఆ కంచే ముందు వరుస అయింది.

అక్కడి మొత్తం పహరా బ్రిగేడియర్ బి.డబ్ల్యు. కీ నడిపిన 8వ ఇండియన్ బ్రిగేడుది. తీరం మీద సిమెంటు గూళ్లలో 3/17 డోగ్రా సిపాయిలు. మైళ్ల పొడవున్న ఇసుక తీరానికి ఒక్కటే పటాలం. బ్రిగేడులో మిగతావి బలూచ్, ఫ్రాంటియర్ ఫోర్స్ పటాలాలు. విమానాశ్రయంలో హడ్సన్ బాంబర్లతో ఆస్ట్రేలియా వైమానిక దళం 1వ స్క్వాడ్రన్. నేల మీద పనులకు వైమానిక సిబ్బంది. కంచె దగ్గర 1వ హైదరాబాద్. కాంగ్రా కొండలవాడు, పంజాబీ, పఠాను, సిడ్నీ కుర్రాడు, లండన్ మెకానిక్కు, దక్కన్ సిపాయి అందరూ ఒకే వానలో తడుస్తున్నారు. ఈశాన్య రుతుపవనాల కాలం కదా, వానంటే అలా ఇలా కాదు. వాళ్లందరినీ కలిపింది ఏ ఒప్పందమూ కాదు, ఒక సామ్రాజ్యపు హుకుం.

డిసెంబరు 8 తెల్లవారితే సోమవారం. అర్ధరాత్రి దాటిన కాసేపటికి జపాను ఓడలు తీరం ముందు లంగరు దించాయి. మేజర్ జనరల్ తకుమి నాయకత్వంలో అయిదు వేలకు పైగా సైనికులు. పెర్ల్ హార్బర్ మీద తొలి బాంబు పడటానికి గంటకు పైగా ముందే ఇక్కడ తుపాకులు పేలాయి. పసిఫిక్ యుద్ధం మొదలైంది హవాయిలో అని పిల్లలకు చెబుతున్నాం. గడియారం చూస్తే మొదలైంది కోట భారులో.

అలలకు పడవలు తలకిందులయ్యాయి. ఇసుకలో దిగినవాళ్లను డోగ్రాల మరతుపాకులు పడగొట్టాయి. హడ్సన్లు చీకట్లోనే లేచి ఓడల మీద బాంబులు వేశాయి. అవాజిసాన్ మారు అనే రవాణా ఓడ తగలబడి పనికిరాకుండా పోయింది. తిరిగి వచ్చిన విమానానికి మళ్లీ బాంబులు తగిలించి పంపారు. అయినా తెల్లారేసరికి జపాను వాళ్లు పాయల మధ్య ఒడ్డు పట్టుకున్నారు. సిమెంటు గూళ్లలో చాలామంది డోగ్రాలు అక్కడే చివరిదాకా నిలబడి చనిపోయారు.

ఇక పగలు. జపాను విమానాలు వచ్చి విమానాశ్రయం మీద గుళ్లు కురిపిస్తూనే ఉన్నాయి. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఒక పుకారు లేచింది, శత్రువు కంచె దాకా వచ్చేశాడని. ఎవరు మొదలుపెట్టారో తేలలేదు. మిగిలిన విమానాలు దక్షిణానికి ఎగిరిపోయాయి. నేల మీది వైమానిక సిబ్బంది భవనాలకు నిప్పంటించి లారీలెక్కి పోయారు. తీరా చూస్తే కంచె దగ్గర శత్రువు లేడు. కానీ ఎగిరిపోయిన విమానాన్నీ అంటుకున్న నిప్పునూ వెనక్కి పిలవడం ఎవరి తరం? పోయేవాళ్లు ముఖ్యమైనది మరిచారు. రన్‌వే చెక్కుచెదరలేదు, బాంబులూ పెట్రోలూ అలాగే మిగిలాయి. కొద్దిరోజుల్లో జపాను విమానాలకు అవే పనికొచ్చాయి.

ఆ రాత్రి ఏం జరిగిందో ఊహించుకోండి. కాపాడమన్న విమానాలు లేవు. కాపాడమన్న తెల్లవాళ్లు లారీల్లో వెళ్లిపోయారు. ముందర మంటలు, పైన కుండపోత, ఎటుచూసినా చీకటి, తుపాకుల మోత దగ్గరవుతోంది. అసలు యుద్ధం ఎన్నడూ చూడని కాపలా పటాలం అది. సిపాయిలు చెదిరారు. వాళ్లను ఆపబోయిన కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ సి.ఎ. హెండ్రిక్స్ చనిపోయాడు. సొంత సిపాయిల తూటాకే బలయ్యాడన్నది మలయా యుద్ధ చరిత్రల్లో ఎక్కువగా కనబడే కథనం. రాత్రి విమానాశ్రయాన్ని వదిలేయాలని హుకుం వచ్చింది. బ్రిగేడు మొత్తం అడవి మధ్య ఒక్క రైలు దారిని పట్టుకుని దక్షిణానికి జరగడం మొదలుపెట్టింది.

ఆ దారిన సాయానికి పంపిన పటాలం ఏదో తెలుసా? 4/19 హైదరాబాద్. ఒక హైదరాబాదు వెనక్కి వస్తుంటే ఇంకో హైదరాబాదు ముందుకు పోతోంది.

నింద ఎవరి వాటా?

ఈ ఘట్టాన్ని రాసిన ఇంగ్లీషు చరిత్రకారుల్లో కొందరు ‘హైదరాబాద్ స్టేట్ సిపాయిలు పారిపోయారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నిజమే, చెదిరారు. అధికారిని చంపడం ఏ సైన్యంలోనూ క్షమించే నేరం కాదు. కానీ వరస చూడండి. తప్పు చోట విమానాశ్రయం కట్టినవాడికి నింద లేదు. పుకారు నమ్మి ముందుగా లారీ ఎక్కినవాడికి ‘తొందరపాటు’. ఒక్క పటాలాన్ని మైళ్ల తీరానికి పరిచినవాడికి ‘బలగాల కొరత’. చివర మిగిలిన దక్కన్ సిపాయికి మాత్రం ‘పిరికితనం’. మిత్రకూటమి సైన్యాల్లో గెలుపు పంచుకోవడం తేలిక. ఓటమి పంచేటప్పుడే ఎవరి కుర్చీ ఎక్కడుందో తెలుస్తుంది.

నిజాం రాజ్యం కూడా ఈ సంగతి పెద్దగా చాటుకోలేదు. ఎందుకు చాటుతుంది? చెప్పుకోవడానికి స్పిట్‌ఫైర్లున్నాయి, ఓడ ఉంది. డబ్బిచ్చిన చోట పేరు వచ్చింది, మనుషులనిచ్చిన చోట పరువు పోయింది. కాబట్టి మనుషులను మరిచిపోయారు. ఇదే నాకు మింగుడుపడని విషయం.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కు మైదానంలో దాదాపు 45,000 మంది భారతీయ సిపాయిలను నిలబెట్టి జపాను అధికారులకు అప్పగించారు. అక్కడి నుంచి దారులు చీలాయి. కొందరు మోహన్ సింగ్ వెంట ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ససేమిరా అన్నవాళ్లలో ఎందరినో ఓడల్లో కుక్కి న్యూగినీ, న్యూ బ్రిటన్ దీవులకు కూలిపనికి పంపారు. కోట భారు బ్రిగేడులోనే ఉన్న 2/12 ఫ్రాంటియర్ ఫోర్స్ జమేదారు చింత్ సింగ్ న్యూగినీ నుంచి ప్రాణాలతో బయటపడ్డ పిడికెడు మందిలో ఒకడు. ఆస్ట్రేలియన్లు రక్షించాక, యుద్ధ నేరాల విచారణలో ఆయన నోరు విప్పితేనే అక్కడి ఆకలీ హత్యలూ లోకానికి తెలిశాయి.

ఆ మలయాలో తెలుగు మాట సిపాయిల బారకాసుల్లో కన్నా రబ్బరు తోటల్లో ఎక్కువ వినబడేది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందటే వెళ్లిన కూలీలు పెరాక్ ప్రాంతపు ఎస్టేట్లలో గుంపులుగా ఉన్నారు. తెల్లదొరలు పారిపోయాక తోటలు ఆగాయి, బియ్యం ఆగింది. అప్పుడు జపాను వాళ్లు తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలు పనికి తరలించారు. బాన్ పాంగ్ నుంచి తన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్ల దారి. కలరాతో, పస్తులతో పట్టాల పక్కనే పోయినవాళ్లకు సమాధి రాళ్లు కూడా లేవు. తెల్ల ఖైదీల శ్మశానాలకు కంచెలూ పచ్చికా ఉన్నాయి. మనవాళ్ల ఎముకలు అడవిలో కలిశాయి.

1944లో యుద్ధం ఇంఫాల్ వాకిట్లోకి వచ్చింది. నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన హైదరాబాదీ ఆబిద్ హసన్ ఆజాద్ హింద్ ఫౌజు అధికారిగా ఆ కొండల్లో పోరాడుతున్నాడు. అదే ఏడాది బర్మా సరిహద్దు మీద ఎగిరిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ల స్క్వాడ్రన్లలో నిజాం దస్తారు చిహ్నమున్న 152 ఒకటి. అంతకుముందు నుంచే 110వ స్క్వాడ్రన్ వెంజన్స్ బాంబర్లు అరకాన్ మీద బాంబులు వేస్తున్నాయి. కింద హైదరాబాద్ మనిషి, పైన హైదరాబాద్ పేరు.

తిమ్మయ్య దారి

ఈ కథలో ఒకే ఒక్కడు అన్ని మలుపుల్లోనూ కనబడతాడు. ఆయన మనవాడు కాదు, కొడగు వాడు. కె.ఎస్. తిమ్మయ్య. 4/19 హైదరాబాద్ అధికారిగా సింగపూర్‌లో ఉండి, యుద్ధానికి కొంచెం ముందే బదిలీ మీద వచ్చేశాడు. అరకాన్‌లో 8/19 హైదరాబాద్‌ను నడిపాడు. అక్కడ ఆయన పక్క పటాలానికి అధికారి ఎస్.పి.పి. థోరట్. 1945 సెప్టెంబరు 12న సింగపూర్‌లో జపాను సేనాపతులు లొంగిపోయినప్పుడు భారతదేశం తరఫున కూర్చున్నది బ్రిగేడియర్ తిమ్మయ్య. తర్వాత జపాను ఆక్రమణ సైన్యంలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దళాల పక్కన మన బ్రిగేడుకు అధిపతి అయ్యాడు. 1953లో కొరియాలో యుద్ధఖైదీల అప్పగింత చూసే తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు. ఖైదీలకు కాపలా కాసిన భారత దళానికి నాయకుడు ఎవరనుకున్నారు? ఆ పాత థోరటే. ఈసారి ఎవరి హుకుం మీదో కాదు, స్వతంత్ర దేశపు సొంత నిర్ణయం మీద వెళ్లారు.

ఆ పాటికి ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ రాజ్యమే లేదు. 1948 సెప్టెంబరులో లండన్ వైపు ఆశగా చూసిన నిజాంకు ఆ మిత్రుడి నుంచి ఒక్క విమానమూ రాలేదు. పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ హైదరాబాద్ సైన్యాన్ని భారత సేనాని జె.ఎన్. చౌదరికి అప్పగించాడు. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. కోస్గి శిస్తు దేవిడీకి పోవడం ఆగింది. రద్దయిన సైన్యానికి రెజిమెంటు చరిత్ర ఎవరు రాస్తారు? కుమావూ వాళ్లకు రాణిఖేత్‌లో రెజిమెంటు కేంద్రం ఉంది, మ్యూజియం ఉంది. 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీకి ఏదీ లేదు.

మీ సందుగలో ఉందేమో చూడండి

తాతల కాలపు సందుగలు ఈ మెట్ట ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ‘మా తాత నిజాం ఫౌజుల పనిజేసిండు’ అనే మాట నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు ముస్లిం ఇళ్లల్లోనూ మిగతా ఇళ్లల్లోనూ వినబడుతుంది. అలాంటి ఇల్లు మీదైతే ఒక పని చేయండి. సందుగ అడుగున ఆరు కొనల లోహపు నక్షత్రం ఉందేమో వెతకండి. రంగు మాసిన రాగిలా ఉంటుంది. నడుమ కిరీటం, దాని చుట్టూ వలయంలో ఇంగ్లీషు అక్షరాలు. ‘పసిఫిక్ స్టార్’ అని ఉంటే ఆ మనిషి మలయాలోనో పసిఫిక్ తీరాల్లోనో యుద్ధం చూసినట్టే. రిబ్బను మిగిలి ఉంటే అంచులు ఎరుపు, మిగతా ఎక్కువ భాగం ముదురు ఆకుపచ్చ, నడుమ పసుపు గీత, దానికి అటూ ఇటూ సన్నని నీలం చారలు. ‘బర్మా స్టార్’ అని ఉంటే దారి వేరు. గుండ్రటి వెండి రంగు పతకంలో రాజు తల ఒకవైపు, సింహం మరోవైపు ఉంటే అది వార్ మెడల్. పాత బంగారం, వెండి కొనేవాళ్లు వీటిని తూకం లెక్కన అడుగుతారు. ఇవ్వకండి.

మనిషి తిరిగి రాకపోతే పేరు వెతకడానికి దారి ఉంది. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద సమాధి లేని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. వాళ్లలో సంస్థానాల సిపాయిలూ ఉన్నారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఈ పేర్లన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తుంది. పేరు ఇంగ్లీషులో రకరకాలుగా రాసి ఉండొచ్చు కాబట్టి రెజిమెంటు పేరుతో వెతకడం మేలు. డిశ్చార్జి కాగితం ఉర్దూలో ఉండి చదవలేకపోతే ఊళ్లో ఉర్దూ మాస్టారునో మౌల్వీసాబునో అడగండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం జమానా దస్త్రాలున్నాయి. వాటిలో ఫౌజు కాగితాలకు తెలుగులో ఒక సూచిక తయారు చేయించడం సర్కారు తలుచుకుంటే పెద్ద ఖర్చు కాదు. విమానాలకూ ఓడకూ అప్పుడు డబ్బు కట్టింది ఈ ఊళ్లే. ఇప్పుడు అడగాల్సింది కూడా ఈ ఊళ్లే.